కదురు గెలాక్సీని కళ్లారా చూడటం: ఎన్‌జీసీ 3115తో నా అనుభవం

ఎన్‌జీసీ 3115 అనే గెలాక్సీ (ఎన్‌జీసీ అంటే ఆకాశంలోని మసక వస్తువుల పెద్ద జాబితా, 3115 అందులో నంబరు) దొరకడం పెద్ద కష్టం కాదు. దొరికాక ఏం చేస్తామన్నదే అసలు సంగతి. 25 మి.మీ. ఐపీస్‌లో (టెలిస్కోప్‌కు కన్ను ఆనించే కటకం, మి.మీ. తగ్గేకొద్దీ పెద్దది చేసి చూపిస్తుంది) చిన్న బూడిదరంగు గీత కనిపిస్తుంది. "ఆఁ, చూసేశాం" అనుకుని లిస్టులో టిక్కు పెట్టి తర్వాతి దానికి వెళ్లిపోతారు చాలామంది. నేనూ రెండు సీజన్లు అదే చేశాను. కానీ ఇది పెద్దది చేసేకొద్దీ కొత్తగా ఏదో ఒకటి బయటపెట్టే గెలాక్సీ. 8 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్‌లో 48 రెట్ల దగ్గర గీత, 120 దగ్గర కదురు, 200 దగ్గర ఒకదాంట్లో ఒకటి ఇమిడిన మూడు పొరలు. ఈ మూడో మెట్టు దాకా ఎలా వెళ్లాలో, దారిలో ఏమేం చెడిపోతాయో రాస్తున్నాను.

రాట్నం చూసినవాళ్లకు దీని ఆకారం వేరే చెప్పనక్కర్లేదు. దారం నిండుగా చుట్టుకున్న కదురు నడుమ బొద్దుగా ఉండి రెండు కొసల వైపు సూదిలా సన్నబడుతుంది. అచ్చం అదే. ఇంగ్లీషులో స్పిండిల్ గెలాక్సీ అన్నదీ అందుకే. మనకు దాదాపు అంచు వైపు నుంచి కనిపించే కటకాకార గెలాక్సీ ఇది. అంటే నడిమి ఉబ్బు ఉంటుంది, చుట్టూ పళ్లెం ఉంటుంది, సర్పిలపు చేతులు మాత్రం ఉండవు. కొత్త చుక్కలు పుట్టడానికి కావలసిన వాయువు, ధూళి చాలావరకు ఖర్చయిపోయిన పాత సంసారం. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ 1936లో తన గెలాక్సీల వర్గీకరణలో, గుండ్రంగానో కోలగానో ఉండే దీర్ఘవృత్త గెలాక్సీలకూ సుడిలాంటి చేతులుండే సర్పిల గెలాక్సీలకూ మధ్య ఎస్-జీరో అని ఒక గడి పెట్టాడు. ఇది ఆ గడిలోది. దూరం సుమారు 3 కోట్ల 20 లక్షల కాంతి సంవత్సరాలు.

విలియం హెర్షెల్ 1787 ఫిబ్రవరి 22న దీన్ని కనిపెట్టాడు. మసక వస్తువులకు అందరూ వాడే మెస్యే జాబితాలో (ఎమ్ 1, ఎమ్ 2 అని నంబర్లుండేది) ఇది లేదు. ఆ జాబితాలో దీనికన్నా మసకవి ఎన్నో ఉన్నా ఇది ఎలా తప్పిపోయిందా అనిపిస్తుంది. ప్యాట్రిక్ మూర్ 1995లో వేసిన కాల్డ్‌వెల్ జాబితాలో దీనిది 53వ స్థానం. ఆకాశ పటాల యాప్‌లో "సి 53" అని కొట్టినా దొరుకుతుంది.

"స్పిండిల్" అని మాత్రం కొట్టకండి. ఉత్తరాన డ్రాకో రాశిలో ఉన్న ఎన్‌జీసీ 5866నూ అదే పేరుతో పిలుస్తారు, అదీ కటకాకార గెలాక్సీయే. గోటూ మౌంట్‌లో (అడిగిన వస్తువు వైపు టెలిస్కోప్‌ను తనే తిప్పే మోటారు స్టాండు) పేరుతో వెతికితే టెలిస్కోప్ బుద్ధిగా ఉత్తరానికి తిరిగి నిలబడుతుంది. మనం చూడాల్సింది దక్షిణం వైపు. నంబరుతోనే వెతకాలి.

మాగ్నిట్యూడ్ అంకె గురించి ఒక మాట. ఇది ప్రకాశానికి కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. ఎన్‌జీసీ 3115 మాగ్నిట్యూడ్ సుమారు 9. మెస్యే జాబితాలోని ఎమ్ 101 గెలాక్సీ మాగ్నిట్యూడ్ 7.9. అంకె చూస్తే ఎమ్ 101 సులువు అనిపించాలి. కానీ ఊరి శివారులో 8 అంగుళాలతో ఎమ్ 101 కోసం అరగంట వెతికినా ఏమీ కనిపించదు, ఎన్‌జీసీ 3115 మాత్రం అదే చోట నుంచి చటుక్కున కనిపిస్తుంది. ఎమ్ 101 వెలుగంతా దాదాపు చంద్రబింబమంత వైశాల్యంలో పలచగా పరుచుకుంది. దీని వెలుగు పొడవు 7, వెడల్పు రెండున్నర ఆర్క్ నిమిషాల్లో (డిగ్రీలో 60వ వంతు, పంచాంగం లెక్కలు వేసేవాళ్లు కళ అనేది దీన్నే) కుదించుకుని ఉంది. అందులోనూ అధిక భాగం నట్టనడుమే. చెంబెడు నీళ్లు నేల మీద పోయడానికీ గ్లాసులో పోయడానికీ ఉన్న తేడా.

ఎప్పుడు చూడాలో పంచాంగమే చెబుతుంది. ఈ గెలాక్సీ మఖ నక్షత్రానికి (రెగ్యులస్) దాదాపు నేరుగా దక్షిణాన, 20 డిగ్రీల కింద ఉంది. చేయి చాచి పట్టుకున్న జానెడు. మఖ నడిమింటికి వచ్చినప్పుడే, మూడు నిమిషాల అటూఇటుగా, ఇదీ వస్తుంది. మాఘ పౌర్ణమినాడు చంద్రుడు మఖ దగ్గరే తిష్ఠవేస్తాడు కాబట్టి ఆ రాత్రి దీని జోలికి పోనక్కర్లేదు. పదమూడు పద్నాలుగు రోజులు ఆగితే శివరాత్రి. మాఘ బహుళ చతుర్దశి, చంద్రుడు అడ్డురాడు, గెలాక్సీ అర్ధరాత్రి ప్రాంతంలో అత్యంత ఎత్తున ఉంటుంది, ఇంట్లోవాళ్లు జాగరణకు అభ్యంతరం చెప్పరు. గుడికి కనీసం మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటే సరి, లేకపోతే సీరియల్ సెట్లు, ఫ్లడ్‌లైట్లు అంతా పాడుచేస్తాయి. ఆ తర్వాతి అవకాశం ఉగాది ముందటి అమావాస్య. మార్చి 20 ప్రాంతంలో రాత్రి పదిన్నరకు, ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి తొమ్మిదిలోపే నడిమింటికి వస్తుంది. ఏ నెలైనా బహుళ దశమి నుంచి శుద్ధ తదియ దాకా పనికొచ్చే రాత్రులు.

ఎత్తు విషయంలో మనం అదృష్టవంతులం. హైదరాబాద్ నుంచి 65 డిగ్రీలు, తిరుపతి నుంచి 68 దాటి ఎక్కుతుంది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు 42, లండన్‌లో 31. అంత కిందికి వెళితే గాలి మందం వెలుగును మింగేస్తుంది. మన 65 డిగ్రీలు డాబ్సోనియన్‌కు (నేల మీది పీఠంపై చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోప్, ముద్దుగా డాబ్) సరిగ్గా సరిపోయే ఎత్తు. నడినెత్తి దగ్గరైతే డాబ్ తిప్పడం నరకం, ఆ బెడద ఇక్కడ లేదు.

చోటు విషయానికొస్తే, చీకటి ఎంత ముఖ్యమో గాలి శుభ్రంగా ఉండటమూ అంతే ముఖ్యం. ఏప్రిల్‌లో తెలంగాణ పల్లెల్లో వరి కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెడతారు. ఆ పొగ రాత్రి పొలాల మీద పరుచుకుంటే చీకటి ఉన్నా లాభం లేదు, గెలాక్సీ నడిమి చుక్క తప్ప మిగతాదంతా మాయం. నా అనుభవంలో అన్నిటికన్నా మంచి రాత్రి అకాల వర్షం పడ్డ మర్నాడు. దుమ్మంతా కడుక్కుపోయి ఉంటుంది. చీకటి కోసం నల్లమల వైపు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. చెక్‌పోస్టుకు ఇవతలే ఎవరి పొలంలోనైనా ముందుగా అడిగి పెట్టుకోవాలి.

ఆకాశం సరిపోతుందా లేదా అనడానికి నాది ఒకటే పరీక్ష. మఖ నుంచి దక్షిణానికి 12 డిగ్రీలు వస్తే ఆల్ఫా సెక్స్‌టాంటిస్ అనే 4.5 మాగ్నిట్యూడ్ చుక్క ఉంటుంది (సెక్స్‌టాంటిస్ అంటే సెక్స్‌టాన్స్ రాశికి చెందినది, మన గెలాక్సీ ఉన్నదీ ఆ రాశిలోనే). అది మామూలు కంటికి కనిపిస్తే ఆ రాత్రి పని జరుగుతుంది. దాని కింద గామా (5.1) కూడా దొరికితే రాత్రి అద్భుతం. ఆల్ఫా కూడా కనిపించకపోతే అది నడిమి ఉబ్బును మాత్రమే చూసే రాత్రి.

సామాను సిద్ధం చేసుకోవడంలో మూడు చోట్ల పని చెడుతుంది. ఒకటి, అద్దం వేడి. మార్చి, ఏప్రిల్‌లలో కారు డిక్కీలో వచ్చిన అద్దం 40 డిగ్రీల దగ్గర ఉంటుంది, బయట గాలి 26. దించగానే చూస్తే నడిమి చుక్క ఉడుకుతున్న పాల మీద బుడగలా కదులుతుంది. 8 అంగుళాల అద్దానికి 45 నిమిషాల నుంచి గంట దాకా ఇవ్వాలి. అద్దం వెనక 80 మి.మీ. కంప్యూటర్ ఫ్యాన్ 12 వోల్టుల బ్యాటరీతో తిప్పితే అరగంట చాలు. రెండు, కాలిమేషన్, అంటే టెలిస్కోప్‌లోని అద్దాలను ఒకే వరుసకు సరిచేయడం. గతుకుల రోడ్డు మీద వచ్చిన ఏ న్యూటోనియన్‌ (డాబ్‌లో ఉండేలాంటి రెండద్దాల టెలిస్కోప్) అద్దమూ కుదురుగా ఉండదు. ఈ గెలాక్సీ విషయంలో ఇది మరీ ముఖ్యం. నడుమ చుక్కలాంటి కేంద్రకం ఉంది కదా, అద్దం వంకరగా ఉంటే ఆ చుక్కకు ఒకపక్క తోక వస్తుంది, ఆ తోకను గెలాక్సీ ఆకారం అనుకుంటాం. "ఒక కొస రెండోదానికన్నా ప్రకాశంగా ఉంది" అని ఎవరైనా నోట్‌బుక్‌లో రాసుకుంటే నేను ముందు అడిగేది కాలిమేషన్ సంగతే. ఈ కదురు రెండు వైపులా సమానంగా ఉంటుంది. మూడు, ఫైండర్, అంటే టెలిస్కోప్ మీద ఉండే గురి చూసే చిన్న దుర్భిణి, లేదా ఆకాశం మీద ఎర్ర చుక్కను చూపే రెడ్ డాట్. దీన్ని పగలే సరిచూసుకోవాలి. కిలోమీటరు అవతలున్న సెల్ టవర్ కొసనో తాటిచెట్టు మొవ్వునో ఐపీస్ మధ్యకు తెచ్చి రెడ్ డాట్‌ను దాని మీదకు తిప్పాలి. సూర్యుడు ఉన్న దిక్కున మాత్రం ఈ పని వద్దే వద్దు.

ఇక చుక్కల దారి. సెక్స్‌టాన్స్ రాశిలో చెప్పుకోదగ్గ చుక్క ఒక్కటీ లేదు. పదిహేడో శతాబ్దంలో హెవీలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త, చుక్కల మధ్య కోణాలు కొలిచే తన సెక్స్‌టెంట్ పరికరం జ్ఞాపకంగా ఖాళీ జాగాలో పేర్చిన రాశి ఇది. ఆయన వేధశాల 1679లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, ఆ పరికరమూ దాంతో పోయింది. అందుకని పొరుగున ఉన్న హైడ్రా రాశిలోంచి ఎక్కడం మేలు. హైడ్రాలో లాంబ్డా అనే చుక్క (3.6) మామూలు కంటికి తేలిగ్గా తెలుస్తుంది. హైడ్రాలోనే ఒంటరిగా మెరిసే అల్ఫార్డ్ అనే చుక్కకు తూర్పున, కాస్త దక్షిణంగా, పదకొండు డిగ్రీల దూరంలో. 9×50 ఫైండర్‌లో చూపు మేర సుమారు 5 డిగ్రీలు. లాంబ్డాను ఆ వలయంలో దక్షిణపు అంచుకు తెస్తే, నేరుగా ఉత్తరాన 4 డిగ్రీల దూరంలో ఒక జంట వచ్చి చేరుతుంది. అవి 17, 18 సెక్స్‌టాంటిస్. 5.9, 5.6 మాగ్నిట్యూడ్లు, వాటి మధ్య 12 ఆర్క్ నిమిషాలే, తూర్పుపడమరలుగా పక్కపక్కనే. ఈ జంట దొరికితే పని అయిపోయినట్టే. అక్కణ్నుంచి వాయవ్యంగా డిగ్రీన్నర జరగాలి. పడమరకు 1.2, ఉత్తరానికి 0.7 డిగ్రీలు. మంచి చీకట్లో 50 మి.మీ. ఫైండర్‌లోనే మసక చుక్కలా తగులుతుంది.

రెడ్ డాట్ మాత్రమే ఉన్నవాళ్లకు ఇంకో దారి. గామా సెక్స్‌టాంటిస్, ఎప్సిలాన్ సెక్స్‌టాంటిస్ రెండూ 5 మాగ్నిట్యూడ్ పైచిలుకు చుక్కలు, తూర్పుపడమరలుగా 6 డిగ్రీల ఎడంలో ఉంటాయి. వాటి నడుమ గీత గీస్తే సరిగ్గా మధ్యబిందువు దగ్గర, ఆ గీతకు చంద్రబింబం వెడల్పులో ముప్పావు వంతు పైన ఉంటుంది గెలాక్సీ. రెడ్ డాట్‌ను అక్కడ పెట్టి 25 మి.మీ. ఐపీస్‌లో చూస్తే పదిసార్లలో ఎనిమిదిసార్లు వలయంలోనే ఉంటుంది.

స్టార్ డయాగనల్ (చూపును పక్కకు మళ్లించే చిన్న అద్దం) వాడే రిఫ్రాక్టర్లలో, అంటే ముందు కటకం ఉండే టెలిస్కోపుల్లో, కుడిఎడమలు తారుమారవుతాయి. పటంలో వాయవ్యం అని చూసి ఐపీస్‌లో ఈశాన్యానికి పోయేది ఇక్కడే. యాప్‌లో అద్దపు ప్రతిబింబం సెట్టింగ్ పెట్టుకుంటే గొడవ తీరుతుంది. ఇంకో మోసం, దగ్గరదగ్గరగా ఉన్న రెండు మసక చుక్కలు. 25 రెట్ల దగ్గర అవి సాగిన మచ్చలాగే కనిపిస్తాయి. అనుమానం వస్తే ఐపీస్ మార్చాలి. చుక్కలైతే విడిపోతాయి, గెలాక్సీ అయితే పెరుగుతుంది.

ఏ పరికరంలో ఎంత కనిపిస్తుంది? 10×50 బైనాక్యులర్స్‌లో, చిక్కటి చీకట్లో, మోచేతులు కారు బానెట్ మీద ఆనించి చూస్తే ఒక మసక చుక్క. పటం లేకపోతే అది గెలాక్సీ అని తెలీదు. 70 మి.మీ. రిఫ్రాక్టర్‌లో 28 రెట్ల దగ్గర చిన్న గీత, 70 రెట్ల దగ్గర నడుమ మెరుపు తేలుతుంది. కొసలు మాత్రం ఆకాశంలో కలిసిపోతాయి. 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (దీన్ని ఐపీస్ మి.మీ.తో భాగిస్తే రెట్లు వస్తాయి) ఉన్న రిఫ్లెక్టర్, అంటే అద్దపు టెలిస్కోప్, ఇప్పుడు చాలామంది దగ్గర ఉంది. దానితో వచ్చే 10 మి.మీ. ఐపీస్ 65 రెట్లు ఇస్తుంది, 2 రెట్ల బార్లో (ఐపీస్ ముందు పెట్టి రెట్లు పెంచే కటకం) పెడితే 130. ఈ గెలాక్సీ ఆ 130ని హాయిగా తట్టుకుంటుంది. ఇదే తరగతి టెలిస్కోప్ డబ్బా మీద "675 రెట్లు" అని ముద్రించి, 3 రెట్ల ప్లాస్టిక్ బార్లో ఒకటి లోపల పడేసి నాకు అమ్మారొకసారి. అంత అబద్ధాన్ని ఏ అద్దమూ మోయలేదు. అద్దం వెడల్పులో మి.మీ.కు 2 రెట్లు, అంటే 130 మి.మీ.కు 260, అక్కడికే ఆఖరు. ఆ బార్లో ఇప్పుడు నా పెట్టెలో మూతలా పనికొస్తోంది.

12 అంగుళాల్లో, 1500 ఫోకల్ లెంగ్త్‌తో 9 మి.మీ. ఐపీస్ పెడితే 167 రెట్లు. పొడవు ఐదారు ఆర్క్ నిమిషాలకు సాగుతుంది, గెలాక్సీ చుట్టూ ఉన్న పలచని వెలుగు పక్కచూపు (నేరుగా కాక కాస్త పక్కకు చూడటం) అవసరం లేకుండానే తెలుస్తుంది. బాగుంటుంది, కానీ 8 అంగుళాల్లో కనిపించనిది కొత్తగా ఏమీ ఉండదు. ఉన్నదే ధైర్యంగా కనిపిస్తుంది. దీని కోసమే పెద్ద టెలిస్కోప్ కొనాలనుకునేవాళ్లకు నా సలహా, ముందు మంచి 6 మి.మీ. ఐపీస్ కొనండి.

8 అంగుళాల దగ్గర కాస్త నిదానంగా నిలబడదాం. 203 మి.మీ. అద్దం, 1200 ఫోకల్ లెంగ్త్, ఉగాది ముందటి అమావాస్య, రాత్రి 10 దాటింది. 25 మి.మీ. పెడితే 48 రెట్లు, కంట్లోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు 4.2 మి.మీ. వలయం డిగ్రీ పైన. గెలాక్సీ రెండు మూడు ఆర్క్ నిమిషాల గీత, ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంది. ఆకాశం నల్లగా లేదు, బూడిద. గీత కొసలు ఆ బూడిదలో కరిగిపోతున్నాయి. ఇక్కడ ఆగిపోతే చూసింది ఇంతే.

10 మి.మీ. పెడితే 120 రెట్లు, వెలుగు కట్ట 1.7 మి.మీ. ఐపీస్ మార్చిన మొదటి క్షణం అంతా మసకబారినట్టు అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే వెనక్కి 25కు వెళ్లిపోతారు. వెళ్లకండి, ఒక్క నిమిషం ఆగండి. పెద్దది చేసినప్పుడు గెలాక్సీ ఎంత మసకబడుతుందో వెనక ఆకాశమూ అంతే మసకబడుతుంది, రెండిటి మధ్య నిష్పత్తి మారదు. మారేది సైజు. చీకట్లో మన కన్ను చిన్న మసక మచ్చకన్నా పెద్ద మసక మచ్చను సులువుగా పట్టుకుంటుంది. నిమిషం తర్వాత నల్లటి నేపథ్యం మీద కదురు తేలుతుంది. నడుమ చుక్క, దాదాపు నక్షత్రమే అనిపించేంత పదునుగా. దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారపు ఉబ్బు. ఉబ్బులోంచి రెండు వైపులా సూదులు. పొడవు నాలుగు ఐదు ఆర్క్ నిమిషాలు, వెడల్పు ఒకటికి కొంచెం పైన.

6 మి.మీ. పెడితే 200 రెట్లు, వెలుగు కట్ట 1 మి.మీ. గాలి నిలకడగా ఉంటేనే ఇది పనికొస్తుంది. ఇప్పుడు కొసలు కొంచెం పోతాయి, పోనివ్వండి. చూడాల్సింది నడిమి భాగం. ఉబ్బు మీదుగా, దాని పొడవునా, ఇంకా సన్నటి ప్రకాశమైన గీత ఒకటి ఉంది. అదే పళ్లెం, అంచు వైపు నుంచి. అంటే చుక్క, చుక్కను గుచ్చుకుని పోయే సన్న గీత, ఆ గీతను కప్పుకుని పలచని గుడ్డు. దారపు చుట్టల మధ్యలోంచి ఇనుప కదురు కనిపించినట్టు. ఇది స్థిరంగా కనిపించదు. గాలి కుదుటపడిన రెండు మూడు సెకన్లు కనిపించి పోతుంది, మళ్లీ వస్తుంది. పావుగంట కూర్చుంటే ఆరేడుసార్లు దొరుకుతుంది. అందుకే స్టూలు తప్పనిసరి. నిలబడి, నడుం వంచి, ఊపిరి బిగబట్టి చూసే కంటికి ఈ గీత దొరకదు.

కన్ను గురించీ చెప్పాలి. చీకటికి అలవాటు పడటానికి కనీసం 20 నుంచి 30 నిమిషాలు, ఫోన్ స్క్రీన్ ఒక్కసారి వెలిగితే మళ్లీ మొదటికి. టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ కాగితం మూడు మడతలు చుట్టండి. పలచటి కొసల కోసం చూపు పక్కకు పెట్టాలి. కుడి కన్నుతో చూస్తుంటే గెలాక్సీకి కుడివైపు, ఎడమ కన్నుతో అయితే ఎడమవైపు. తిరగేసి పెడితే గెలాక్సీ కంటిలోని గుడ్డి మచ్చ మీద పడి మొత్తంగా మాయమయ్యే ప్రమాదం ఉంది. తల మీద నల్ల తువ్వాలు కప్పుకుంటే పక్క వెలుతురు ఆగి కొసలు ఒక మెట్టు పొడుగవుతాయి. తువ్వాలు కింద ఊపిరి ఐపీస్ మీద పడకుండా చూసుకోవాలి. పొలం గట్ల మీద ఫిబ్రవరి రాత్రులు మంచు ముందు ఫైండర్‌నే పడుతుంది. యోగా మ్యాట్ ముక్కను గొట్టంలా చుట్టి ఫైండర్ ముందు తొడిగితే రెండు గంటలు ఆగుతుంది. దోమల క్రీము రాసుకున్న వేళ్లతో ఐపీస్ మార్చకండి, ఆ జిడ్డు మరక పెట్టే వెలుగు వలయాన్ని గెలాక్సీ వలయం అని నేనొకసారి నోట్‌బుక్‌లో గీసేశాను.

ఫిల్టర్లు దీనికి దండగ. యూహెచ్‌సీ, ఆక్సిజన్-3 ఫిల్టర్లు మెరిసే వాయువు వదిలే కొన్ని రంగులను మాత్రమే పోనిస్తాయి. ఈ గెలాక్సీ వెలుగు ముసలి నక్షత్రాలది, అన్ని రంగులూ కలిసింది. ఫిల్టర్ ఆకాశంతోపాటు దాన్నీ కోసేస్తుంది. నమ్మకం లేకపోతే అదే రాత్రి 12 డిగ్రీలు దక్షిణ ఆగ్నేయంగా వెళ్లి, మ్యూ హైడ్రేకు కాస్త కింద ఉన్న ఎన్‌జీసీ 3242 మీద పెట్టి చూడండి. అది గ్రహ నీహారిక, అంటే మెరిసే వాయువు మబ్బు, నీలాకుపచ్చ బిళ్ల. ఫిల్టర్ పెడితే ఆకాశం నల్లబడి బిళ్ల అలాగే మెరుస్తుంది. వెనక్కి వచ్చి ఎన్‌జీసీ 3115 మీద పెడితే కొసలు చచ్చిపోతాయి.

దిక్కులు, పొడవు తేల్చుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. డాబ్‌ను కదపకుండా వదిలేయండి. గెలాక్సీ ఏ అంచులోంచి బయటికి పోతుందో అది పడమర. న్యూటోనియన్‌లో తల వంపును బట్టి దిక్కులు తిరుగుతాయి కాబట్టి ఈ పరీక్ష ప్రతిసారీ చేయాల్సిందే. ఆకాశంలో ఈ భాగం సెకనుకు 14.9 ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో 60వ వంతు) జరుగుతుంది. 120 రెట్ల దగ్గర 52 డిగ్రీల (ఐపీస్ మీద రాసి ఉండే చూపు వెడల్పు) ఐపీస్ వలయం 26 ఆర్క్ నిమిషాలు. నడిమి చుక్క వలయం మధ్యగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెళ్లడానికి 105 సెకన్లు పట్టాలి. మీకు 95 వచ్చిందంటే ఐపీస్ మీద రాసిన 52 నిజం కాదు, లేదా చుక్క మధ్యలోంచి పోలేదు. బొమ్మ గీసేటప్పుడు 10 సెం.మీ. వలయం వేసుకుంటే 5 ఆర్క్ నిమిషాల గెలాక్సీ 2 సెం.మీ.కు ఒక పిసరు తక్కువ. నేను చూసిన బొమ్మలన్నిట్లో, నావాటితో సహా, దీన్ని రెట్టింపు సైజులో గీస్తారు. 2బీ పెన్సిల్‌తో గీసి దూది పుల్లతో కొసల వైపు రుద్దాలి, నడిమి చుక్క ఆఖర్న.

ఫొటో తీయాలనుకునేవాళ్లను నిరుత్సాహపరచను కానీ, కెమెరాలో కన్నా కంటికి బాగుండే అతి కొద్ది గెలాక్సీల్లో ఇదొకటి. సర్పిలపు చేతులు లేవు, ధూళి పట్టీ లేదు, ఫొటోలో వెతకడానికి ఏమీ ఉండదు. కొసలు రావాలని ఎక్కువసేపు తీస్తే నడుమ తెల్లగా మండిపోయి సన్న గీత, చుక్క రెండూ మునిగిపోతాయి. కన్ను ఆ తేడా మొత్తాన్ని ఒకేసారి మోస్తుంది.

ఆ నడిమి చుక్క ఉత్త చుక్క కాదు. 1992లో జాన్ కోర్మెండీ, డగ్లస్ రిచ్‌స్టోన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు దాని చుట్టూ నక్షత్రాలు తిరిగే వేగాలు కొలిచి, లోపల సుమారు వంద కోట్ల సూర్యుల బరువైన కృష్ణబిలం ఉండాలని చెప్పారు. ఐపీస్‌లో మనకు కనిపించేది కృష్ణబిలం కాదు, దాని చుట్టూ కిక్కిరిసిన నక్షత్రాలు. అందుకే అది నక్షత్రమంత పదునుగా ఉన్నా, 200 దాటి పెంచితే పక్కనున్న నిజమైన చుక్కతో పోల్చినప్పుడు ఒక పిసరు మెత్తగా కనిపిస్తుంది.

దీని తర్వాత సామాను సర్దేయకుండా మఖ దగ్గరికి పోయి, అక్కణ్నుంచి తూర్పుకు పిడికెడు దూరం జరగండి. ఎమ్ 105 దొరుకుతుంది. 10 మి.మీ. ఐపీస్‌లో ఒకే వలయంలో మూడు గెలాక్సీలు. గుండ్రటి ఎమ్ 105 దీర్ఘవృత్త గెలాక్సీ. పక్కన కోలగా, చుక్కలాంటి నడుమతో ఉన్న ఎన్‌జీసీ 3384 మళ్లీ కటకాకారమే, కానీ ఇంత పక్కగా తిరిగి లేదు కాబట్టి సూదులు లేవు. మూడోది ఎన్‌జీసీ 3389, సర్పిలం, 8 అంగుళాలకు కష్టం మీద పక్కచూపులో తెలిసే మసక మచ్చ. అప్పుడే కదురును 200 రెట్లలో చూసి వచ్చిన కంటికి ఎన్‌జీసీ 3384లో ఉబ్బు ఎక్కడ ఆగి పళ్లెం ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం సులువవుతుంది. కదురు కన్నా ముందు ఎన్‌జీసీ 3384నే చూస్తే ఎమ్ 105కూ దానికీ తేడా పెద్దగా తెలీదు.